వారం వాటా గది, గోల్ఫ్ ఆట, మన జేబు



ఈనాటి ప్రసంగాంశం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. రాగులు, వేరుశెనగ, పట్టుగూళ్ల ధర గురించి చెప్పాల్సిన రేడియోలో ఈ మాస్టారు గోల్ఫ్ ఆట గురించి, కొండమీద విడిది గురించి చెబుతాడేమిటి అనుకోవచ్చు. అయితే ఒక్కమాట అడుగుతాను. "మీ నంబరు మా లక్కీ డ్రాలో ఎంపికయింది, దంపతులిద్దరూ ఆదివారం ఫలానా హోటలుకు రండి, మూడు రాత్రులు ఉచితంగా ఊటీలో ఉండే కూపను ఇస్తాం" అని మీకు ఫోను వచ్చిందా, లేదా? హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం, షోలాపూరు అనే భేదం లేకుండా ఈ ఫోన్లు వస్తున్నాయి. హోటలులో చూపించే రంగురంగుల పుస్తకంలో పచ్చటి గోల్ఫ్ మైదానం బొమ్మ ఒకటి తప్పకుండా ఉంటుంది. అందుకని వారం వాటా అంటే ఏమిటి, గోల్ఫ్ అంటే ఏమిటి, రెండూ కలిపి ఒక సెలవు గడపాలని నిజంగా సరదా ఉన్నవారు తక్కువ ఖర్చులో ఆ పని ఎలా చేయవచ్చు అన్నది లెక్కతో సహా మనవి చేస్తాను.

ముందు వారం వాటా సంగతి. దీన్ని ఇంగ్లీషువాళ్లు టైంషేరు అంటారు. మన పల్లెల్లో చెరువు నీటి వంతు ఎరుగనివారు లేరు. చెరువు అందరిదీ. సోమవారం నీళ్లు ఒకరి మడికి, మంగళవారం ఇంకొకరి మడికి. ఎవరి వంతు ఎప్పుడో నీరుగంటి చెబుతాడు. టైంషేరు సరిగ్గా అదే. చెరువుకు బదులు కొండమీద కట్టిన విడిది. ఏడాదిలో 52 వారాలున్నాయి గనుక ఒక గదిని అంతమందికి వంతులు వేసి ముందుగానే అమ్మేస్తారు. మీరు కొనేది గది కాదు, స్థలం కాదు, గోడ కాదు. ఏడాదికి ఒక వారం అక్కడ ఉండే హక్కు మాత్రమే. మన దేశంలో ఎక్కువ పథకాలు 25 ఏళ్ల లోపు గడువుతో వస్తాయి. గడువు తీరగానే ఆ హక్కు కూడా తీరిపోతుంది. మనవడికి రాసిచ్చేందుకు పట్టా ఏదీ మిగలదు.

ఈ ఆలోచన మనది కాదు, ఐరోపాది. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ సభ్యులందరి డబ్బుతో విడిది ఇళ్లు కొని వంతులవారీగా వాడుకొనే పద్ధతి పెట్టింది. 1974లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో ఆర్‌.సి.ఐ. అనే మార్పిడి సంస్థ మొదలైంది. ఒకచోట వంతు ఉన్నవారు దాన్ని ఇంకొకరి వంతుతో మార్చుకొని వేరే ఊరు వెళ్లేందుకు అది దారి చేసింది. మన వైపు 1986లో మద్రాసులో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ వచ్చాయి. కొడైకెనాల్, ఊటీ, మున్నారు, కొడగు వంటి చోట్ల ఇప్పుడు మీరు చూసే పెద్ద విడుదుల్లో చాలావాటికి పునాది ఈ వంతుల అమ్మకమే.

ఇక డబ్బు లెక్క. నేను చెప్పే అంకెలు నమూనా అంకెలు మాత్రమే. మీ దగ్గరికి వచ్చిన కాగితంలోని అంకెలు వీటి స్థానంలో వేసుకొని మీరే కట్టి చూడాలి.

సభ్యత్వం మూడు లక్షల రూపాయలు అనుకుందాం. 25 ఏళ్లు, ఏడాదికి ఏడు రాత్రులు. మొత్తం 175 రాత్రులు. అమ్మేవాడు వెంటనే భాగహారం చేసి చూపిస్తాడు: మూడు లక్షలను 175తో భాగిస్తే రాత్రికి 1,714 రూపాయలు, ఈ ధరకు కొండమీద లాడ్జిలో గది కూడా రాదు కదా సార్, అంటాడు. భాగహారం తప్పు కాదు. కానీ అందులో రెండు అంకెలు కనబడకుండా పోయాయి.

మొదటిది సాలుసరి నిర్వహణ రుసుము. మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఇది కట్టాలి. పన్నుతో కలిపి ఏడాదికి 18,000 అనుకుందాం. రెండోది మీ మూడు లక్షల మీద రావలసిన వడ్డీ. అదే సొమ్మును ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి, ఏటా సమానంగా తీసుకుంటూ 25వ ఏట ఖాతా ఖాళీ అయ్యేలా చేస్తే, ఏడాదికి సుమారు 25,700 రూపాయలు చేతికి వస్తాయి. అంటే సభ్యత్వం కొన్నందువల్ల ఏటా మీరు వదులుకొనేది ఆ 25,700. దానికి 18,000 కలిపితే 43,700. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 6,200 పైచిలుకు. 1,714 ఎక్కడ, 6,200 ఎక్కడ! ఇంకా తిండి ఖర్చు, దారి ఖర్చు ఇందులో చేరలేదు. రుసుము ఏడాదికేడాది పెరుగుతుందన్నది కూడా చేర్చలేదు. ఏదో పెళ్లి వల్లనో, ఒంట్లో బాగులేకనో ఏడాది విడిచి ఏడాది మాత్రమే వెళ్లగలిగితే రాత్రికి పన్నెండున్నర వేలు పడుతుంది.

అయితే టైంషేరు అంతా మోసమేనా అంటే, కాదు. అది నా అభిప్రాయం కాదు. ఏటా తప్పకుండా వెళ్లేవాళ్లు, ఆరునెలల ముందే తేదీలు చెప్పగలవాళ్లు, పండుగ సీజనులో ఉండగల పెద్ద తరగతి హక్కు కొన్నవాళ్లు, సంతోషంగా వాడుకొంటున్నవారు ఉన్నారు. శుభ్రమైన గది, పిల్లలకు ఆటస్థలం, ఊరుకాని ఊళ్లో బేరమాడే బాధ లేకపోవడం, ఇవి విలువ లేనివి కావు. కానీ మనవంటి నెలజీతగాళ్లకు, చిన్న వ్యాపారస్థులకు ఇబ్బంది వచ్చేది ఎక్కడంటే సీజను దగ్గర.

చెరువు నీటి ఉపమానమే మళ్లీ తీసుకోండి. నాట్ల వేళ వంతుకు విలువ ఉంది. కోతలైపోయాక వచ్చే వంతు ఎవరికి కావాలి? విడుదులలో కూడా వారాలను తరగతులుగా విడదీసి రంగుల పేర్లు పెడతారు. ఊదా, ఎరుపు, తెలుపు, నీలం. ఊదా అంటే అందరూ ఎగబడే రోజులు, నీలం అంటే ఎవరూ రాని రోజులు. నీలం హక్కు చవక. కానీ ఆ హక్కుతో ఊదా వారంలో గది దొరకదు. మా తోటి ఉపాధ్యాయుడొకాయన ఇలాంటి చవక తరగతి ఒకటి కొన్నాడు. ఆయన కన్నడ మాధ్యమం బడిలో, భార్య తమిళ మాధ్యమం బడిలో. ఇద్దరికీ కలిసి వచ్చే సెలవులు వేసవిలోనే ఎక్కువ. వేసవికి ఆయన హక్కు పనికిరాదు. నాలుగేళ్లలో ఒక్కసారి వెళ్లాడు. ఆ ఒక్కసారీ వాన. రుసుము మాత్రం ఏటా కట్టాడు. ఒకనాడు స్టాఫ్ రూములో కాగితాలు ముందు పెట్టుకొని, "సార్, ఇందులో నాది అని చెప్పుకొనే ఒక్క ఇటుకైనా ఉందా చూడండి" అన్నాడు. చూశాం. లేదు. ఆ కాగితాలు 14 పుటలు, అన్నీ ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు. సంతకం చేసిన రోజున ఆయనకు వాటిని చదివే వ్యవధి ఇవ్వలేదు. "ఈ ధర ఈ సాయంత్రం వరకే" అన్నారట.

సరిహద్దు జిల్లాల మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన పిల్లలు తమిళనాడు బడిలోనో, కర్ణాటక బడిలోనో చదువుతారు. అక్కయ్య పిల్లలు చిత్తూరులోనో, హిందూపురంలోనో చదువుతారు. అక్కడ సంక్రాంతికి వారం పైగా సెలవులు. కర్ణాటకలో దసరా సెలవులు పెద్దవి. తమిళనాడులో అరవార్షిక పరీక్షల తరువాత డిసెంబరు చివర సెలవులు. రెండు కుటుంబాలు కలిసి వెళ్లే వారం వెదకడం పెళ్లి ముహూర్తం వెదకడంకంటే కష్టం. ఇలాంటివారు 25 ఏళ్లకు తేదీల ఒడంబడిక చేసుకొనే ముందు పది కాదు, ఇరవైసార్లు ఆలోచించాలి.

ఇప్పటికే సంతకం చేసినవారికి రెండు మాటలు. ఐరోపా యూనియను దేశాల్లో టైంషేరు కొన్నవారికి 14 రోజుల లోపు కారణం చెప్పకుండా వెనక్కు తీసుకొనే హక్కు చట్టమే ఇచ్చింది. మన దేశంలో టైంషేరుకంటూ ప్రత్యేక చట్టం లేదు. కానీ చాలా ఒప్పందాల్లోనే రద్దు చేసుకొనే గడువు రాసి ఉంటుంది. సంతకం చేసిన రాత్రే ఆ వాక్యం వెదకండి. గడువు లోపల ఉత్తరం ద్వారా, ఈ-మెయిలు ద్వారా రెండు విధాలా రాయండి, రసీదు దాచండి. గడువు దాటిపోయి, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అయితే వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 1986 నాటి చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై 20 నుంచి అమలైంది. దీనిలో మనకు పనికివచ్చే అంశం ఏమిటంటే, సంస్థ కార్యాలయం ముంబైలో ఉన్నా చెన్నైలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు చెల్లింపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. ఒప్పందంలో "తగవులన్నీ మధ్యవర్తి ముందే" అని రాసి ఉందని భయపడనవసరం లేదు. అలాంటి నిబంధన ఉన్నా వినియోగదారుల కమిషనుకు వెళ్లే దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ముందుగా సలహా కావాలంటే 1915 అనే నంబరుకు ఫోను చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం అది. తెలుగులో మాట్లాడవచ్చు, కన్నడంలో, తమిళంలో కూడా మాట్లాడవచ్చు.

ఇంతకూ సభ్యత్వం కొనకుండా అదే విడిదిలో ఉండే దారి లేదా? ఉంది. ఒకటి, ఇలాంటి విడుదుల్లో చాలా వాటిలో మిగిలిన గదులను మామూలు హోటలు లాగానే రోజువారీ అద్దెకు ఇస్తారు. రెండు, సభ్యులు తాము వాడుకోని రాత్రులను బంధుమిత్రులకు ఇవ్వవచ్చు. దానికి అతిథి పత్రం అని ఒకటి సంస్థనుంచి తీసుకోవాలి. మీ బంధువుల్లో, సహోద్యోగుల్లో సభ్యులెవరైనా వెళ్లలేక వంతు వదులుకొంటున్నారేమో అడగండి. వారు కట్టిన సాలుసరి రుసుములో కొంత మీరు ఇస్తే వారికీ నష్టం తగ్గుతుంది, మీకూ గది చవకగా వస్తుంది. ముక్కూ ముఖమూ తెలియనివారికి మాత్రం ముందుగా డబ్బు పంపకండి. పత్రం మీ పేరున వచ్చిందో లేదో విడిదికి నేరుగా ఫోను చేసి కనుక్కొన్నాకే ఇవ్వండి. మూడు, ఫోనులో వచ్చే ఉచిత కూపను. అది తీసుకోవాలా వద్దా అన్నది మీ గుండె ధైర్యాన్ని బట్టి ఉంటుంది. మూడుగంటలు కూర్చొని, నాలుగోసారి కూడా "వద్దు" అనగలిగినవారే వెళ్లాలి. పైగా ఆ కూపనులో భోజనం ఉందా, పన్ను ఎవరు కడతారు, ఏ తేదీలకు చెల్లదు అన్నవి వెనక పుటలో ఉంటాయి.

ఇక గోల్ఫ్‌కు వద్దాం.

మన గోళీలాట తెలుసు కదా. నేలలో గుంట తవ్వి, దూరంనుంచి గోళీని దొర్లించి గుంటలో వేస్తాం. గోల్ఫ్ దానికి పెద్దన్న. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. బంతి బరువు 46 గ్రాములకు మించకూడదు. గుంట మాత్రం మూడువందల, నాలుగువందల గజాల దూరంలో ఉంటుంది. కర్రతో బంతిని కొట్టుకుంటూ, నడుచుకుంటూ వెళ్లి గుంటలో వేయాలి. అలాంటి గుంటలు 18. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానంలో ఒకప్పుడు 22 గుంటల ఆట ఆడేవారు. 1764లో దాన్ని 18కి తగ్గించారు, అదే లోకమంతా నిలిచింది. బ్రిటిషు దీవుల వెలుపల అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్బు మన దేశంలోనే ఉంది, కలకత్తాలో 1829లో పెట్టినది.

ఈ ఆట మన ప్రాంతానికి కొత్త అనుకోకండి. కోలారు బంగారు గనులను 1880 తరువాత జాన్ టైలర్ కంపెనీ నడిపిన కాలంలో దొరలు అక్కడ క్లబ్బు కట్టుకొని గోల్ఫ్ ఆడారు. గనిలో దిగినవారు తమిళులు, తెలుగువారు, కన్నడిగులు. పైన మైదానంలో సంచీ మోసినవారూ ఆ ఇళ్ల పిల్లలే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సంచీ మోసే కుర్రవాణ్ణి క్యాడీ అంటారు. మన దేశంలో గోల్ఫ్ చరిత్ర రాస్తే సగం పుటలు ఈ క్యాడీలవే. 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచిన తొలి భారతీయ వృత్తి ఆటగాడు అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. 2009లో అదే పోటీ గెలిచిన సి. మునియప్ప బెంగుళూరులో క్యాడీగా ఉన్నవాడు. దొరల ఆట అన్నది సగమే నిజమని దీనివల్ల తెలుస్తుంది.

అయినా ఖరీదైన ఆటే. ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో చెబుతాను. మైదానంలో ఆడనిచ్చేందుకు తీసుకొనేది గ్రీన్ ఫీజు. సభ్యులకు ఒక రేటు, బయటివారికి నాలుగైదు రెట్లు కూడా ఉండవచ్చు. ఆపైన క్యాడీ కూలి. కర్రలు లేకపోతే కర్రల అద్దె. బంతులు పొదల్లో పోతాయి గనుక బంతుల ఖర్చు. కొన్నిచోట్ల బండి అద్దె. ఇందులో మనం తగ్గించుకోగలిగినవి చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ముందు, ఎప్పుడూ కర్ర పట్టనివారు తిన్నగా కొండమీది మైదానానికి వెళ్లకండి. చాలా క్లబ్బులు కొత్తవారిని మైదానంలోకి రానివ్వవు కూడా. ముందు సాధన స్థలం ఒకటి ఉంటుంది, డ్రైవింగ్ రేంజ్ అంటారు. అక్కడ బుట్టెడు బంతులకు ఇంత అని తీసుకొని కొట్టుకోనిస్తారు. బెంగుళూరు చుట్టుపక్కల ఉన్నవారికి అక్కడ, షోలాపూరు, నాందేడు, సిరోంచ వైపు వారికి హైదరాబాదులో, బరంపురం, రాయగడ, యానాం వైపు వారికి విశాఖపట్నంలో ఇలాంటి వసతి ఉంది. నాలుగు ఆదివారాలు అక్కడ కొడితే మీకు ఆట మీద నిజంగా మనసుందో లేదో తేలిపోతుంది. లేదని తేలితే మిగతా ఖర్చంతా ఆదా.

రెండోది, కర్రలు కొనకండి. నియమం ప్రకారం సంచీలో 14 కర్రల వరకు ఉండవచ్చు. కొత్తవారికి ఐదారు చాలు. వాటిని కూడా అద్దెకు తీసుకోవచ్చు. మూడోది, 18 గుంటలు ఆడితీరాలని శాస్త్రం ఏమీ లేదు. తొమ్మిది గుంటలు ఆడి, టీ తాగి, తిరిగి రావచ్చు. కొండ ఎక్కి దిగే మైదానాల్లో కొత్తవారికి తొమ్మిదయ్యేసరికే పిక్కలు పట్టేస్తాయి. నాలుగోది, సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. శని, ఆదివారాలు చాలా క్లబ్బుల్లో సభ్యులకు ముందు వరస, బయటివారికి ఎక్కువ రేటు. విడిది అద్దె కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. రెండు ఖర్చులూ ఒకేసారి తగ్గేది వారం మధ్యలోనే.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. విడిదికి చవక వారం, గోల్ఫ్‌కు మంచి వారం ఎప్పుడూ ఒకటి కావు. కొడగులో జూన్ నుంచి సెప్టెంబరు వరకు గదులు చవక. ఎందుకు చవక? కుండపోత వాన. ఆ వానలో గోల్ఫ్ ఎక్కడ? ఊటీకి జూన్, జూలై, ఆగస్టు ఒక వాన, అక్టోబరు, నవంబరు ఇంకో వాన. కొడైకెనాలుకు అక్టోబరు, నవంబరు గట్టి వాన. ఏప్రిల్, మే నెలల్లో ఎండ బాగుంటుంది, జనమూ, ధరలూ అలాగే ఉంటాయి. రెండూ కుదిరే సందు ఒకటుంది. సంక్రాంతి జనం దిగిపోయాక, జనవరి చివరి వారం నుంచి మార్చి మొదటి వారం వరకు. పొద్దున చలి కొరుకుతుంది, గడ్డిమీద మంచు ఉంటుంది గనుక తొమ్మిది దాకా ఆగాలి. ఆ తరువాత ఆకాశం తేటగా ఉంటుంది. బడిపిల్లలు లేని ఇంటివారికి, రిటైరైనవారికి ఇది బంగారంలాంటి కాలం. మా ఉపాధ్యాయులకు మాత్రం పరీక్షల కాలం. దానికి నేనేమీ చేయలేను.

చోటు ఎంచుకోవడంలో కొడైకెనాల్ నాకు నచ్చుతుంది. అక్కడి గోల్ఫ్ క్లబ్బు 1895 నాటిది. 18 గుంటల మైదానం, చుట్టూ అడవి. మేతకు వచ్చిన అడవిదున్నలు గడ్డిమీద కనబడితే ఆట ఆపి నిలబడాల్సిందే, వాటికి గ్రీన్ ఫీజు లేదు. సముద్రమట్టానికి సుమారు ఏడువేల అడుగుల ఎత్తు కాబట్టి గాలి పలచన. బంతి కింది ఊళ్లకంటే కాస్త ఎక్కువ దూరం పోతుంది, కొట్టినవాడు పొంగిపోతాడు. ఊటీలో జింఖానా క్లబ్బు మైదానం ఉంది. కూనూరు దగ్గర వెల్లింగ్టన్‌లో ఇంకొకటి ఉంది గానీ అది సైనిక ప్రాంతం, ముందుగా అనుమతి కనుక్కోకుండా పోరాదు. మైసూరులో గుర్రప్పందేల మైదానం దగ్గర జయచామరాజ ఒడెయరు పేరున గోల్ఫ్ క్లబ్బు ఉంది. బళ్లారి, కోలారు వైపు నుంచి వెళ్లేవారు అక్కడ ఒకరోజు ఆడి, మర్నాడు కొడగు ఎక్కవచ్చు.

ఏ క్లబ్బుకైనా బయలుదేరేముందు ఫోను చేసి కొన్ని ప్రశ్నలు అడగండి. బయటివారిని ఏ రోజుల్లో ఆడనిస్తారు? సభ్యుడెవరైనా పరిచయం చేయాలా? హ్యాండికాప్ పత్రం అడుగుతారా? అంటే మీ ఆట స్థాయిని మరో క్లబ్బు ధ్రువీకరించిన కాగితం. అద్దె కర్రలున్నాయా? ఆ వారంలో పోటీలేమైనా ఉండి మైదానం మూసేస్తారా? ఈ చివరి ప్రశ్న మరిచిపోయి అంత దూరం వెళ్లి తిరిగివచ్చినవారు ఉన్నారు. విడిదివారు "గోల్ఫ్ దగ్గరలోనే ఉంది" అంటే ఎన్ని కిలోమీటర్లు అని అడగండి, మైదానం తమదా, వేరే క్లబ్బుదా అని కూడా అడగండి. పుస్తకంలో బొమ్మ వేసినంత మాత్రాన వాళ్ల అతిథులకు ప్రవేశం ఉందని అర్థం కాదు.

ఒక నమూనా ప్రయాణం వేసి చూద్దాం. హోసూరు నుంచి నలుగురి కుటుంబం. అందులో ఆడేది ఒక్కరే. కృష్ణగిరి, సేలం, దిండుగల్, వత్తలగుండు మీదుగా కొడైకెనాల్ నాలుగువందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆదివారం పొద్దున బయలుదేరి సాయంత్రానికి చేరి, గురువారం పొద్దున దిగిపోవడం. కిందికి దిగే జనం మీకు ఎదురుగా వస్తుంటారు, మీ దారి ఖాళీగా ఉంటుంది. నాలుగు రాత్రులు, వంటగది ఉన్న విడిది, రాత్రికి ఐదువేల చొప్పున ఇరవైవేలు. కారు పెట్రోలు, టోలు, అక్కడ తిరుగుళ్లకు తొమ్మిదివేలు. ఆట సోమవారం ఒకసారి, బుధవారం ఒకసారి, ఫీజు, క్యాడీ, అద్దె కర్రలు కలిపి రోజుకు ఐదువేలు, మొత్తం పదివేలు. ఇక తిండి. మూడుపూటలా విడిది హోటలులోనే అయితే నలుగురికి రోజుకు నాలుగువేలు సులువుగా అవుతుంది, నాలుగు రోజులకు పదహారువేలు. పొద్దుటి ఉప్మా, రాత్రి అన్నం చారు గదిలోనే చేసుకొని, మధ్యాహ్నం మాత్రం బయట తింటే పద్దెనిమిది వందలతో పోతుంది, నాలుగు రోజులకు 7,200. ఒక్క తిండిలోనే 8,800 తేడా. మొత్తం ఖర్చు 46,200. అందులో గోల్ఫ్ భాగం పదివేలే చూడండి. ఈ సెలవును ఖరీదు చేసేది ఆట కాదు, శని ఆదివారాల గది, హోటలు భోజనం.

వంటగది ఉందన్న మాట మాత్రం నమ్మకంగా కనుక్కోండి. కొన్ని విడుదుల్లో స్టవ్వు తీసేసి, టీ కాచుకొనే కెటిలు ఒక్కటి పెట్టి అదే వంటగది అంటున్నారు. బియ్యం, పప్పు, చింతపండు, ఊరగాయ ఇంటినుంచే పట్టుకుపోవచ్చు. వాటిని ప్లాస్టిక్ కవర్లలో కాకుండా గుడ్డసంచుల్లో, డబ్బాల్లో పెట్టుకోండి. నీలగిరుల్లో, కొడైకెనాలులో ప్లాస్టిక్ మీద తనిఖీలు ఉన్నాయి, జరిమానా ఉంది.

దారి విషయంలో ఇంకో రెండు సంగతులు. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి నీలగిరులకు, కొడైకెనాలుకు వెళ్లే వాహనాలకు ఇ-పాస్ పద్ధతి పెట్టారు. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలే అని పరిమితి కూడా వేశారు. నీలగిరులకు మామూలు రోజుల్లో ఆరువేలు, శని ఆదివారాల్లో ఎనిమిదివేలు. కొడైకెనాలుకు నాలుగువేలు, ఆరువేలు. కాబట్టి గది ఖాయం కాగానే పాసుకు దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ బస్సులో వెళ్లేవారికి ఈ బాధ లేదు. రైలులో వెళితే కొడై రోడ్ స్టేషనులో దిగాలి, కొండమీదికి అక్కడినుంచి ఇంకా 80 కిలోమీటర్లు ఉంటుంది. ఇక మైసూరు, గుండ్లుపేట మీదుగా ఊటీ వెళ్లేవారికి బండీపురం అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు మూసి ఉంటుంది. ఆలస్యమైతే గేటు దగ్గరే తెల్లవారుతుంది.

బట్టల విషయం. కాలరున్న చొక్కా, ప్యాంటు, బూట్లు. గుండ్రటి మెడ బనియనుతో, చెప్పులతో రానివ్వరు. అది నాకు నచ్చదు, కానీ వాళ్ల నియమం. బూట్లకు ఇనుప మేకులు ఉండకూడదు. మామూలు రబ్బరు బూట్లు చాలు. చలికోటు ఒకటి, నెత్తికి టోపీ ఒకటి.

క్యాడీ కూలి ఎంతో ఆట మొదలుకాకముందే కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఆట అయ్యాక అతని చేతికే ఇవ్వండి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. ఏ వాలు మీద బంతి ఎటు దొర్లుతుందో, ఏ పొదలో పడితే వదిలేసుకోవాలో అతనికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. పోయిన బంతులు వెదికి ఇచ్చేది కూడా అతనే. కొడైకెనాలులో తమిళం వచ్చినవారికి, మైసూరులో కన్నడం వచ్చినవారికి అతనితో మాట కలపడం సులువు. మనకు ఆ రెండూ వచ్చు కదా.